ఐదు రూపాయలకు సగం బంగాళాఖాతం

మైకు లాక్కున్నారు కాబట్టే నేను విశాఖపట్నం చూడగలిగాను. లేకపోతే మూడు రోజులూ ఆ చల్లటి హాల్లో ప్లాస్టిక్ ఫైలు ఒళ్లో పెట్టుకుని, పేదలకు చౌకగా ఫోను, ఇంటర్నెట్టు అందించడం ఎలాగో పేదవాళ్లెవరూ లేని చోట విని, బుద్ధిగా అనంతపురం తిరిగొచ్చేదాన్ని.

మొదటి రోజే ఒకాయన గోడ మీద గీతలు చూపించారు. నిమిషానికి రూపాయి పోయి సెకనుకు పైసా వచ్చేసిందట. ఇంటర్నెట్టు కూడా అలాగే దిగి దిగి చివరి గుడిసెదాకా వెళ్తుందట. నేను లేచాను. "దిగింది సరే, ఎవరి నెత్తిన దిగింది? టవరుకి స్థలం కావాలి, డీజిలు కావాలి. ఆ ఖర్చు ఎవరిది?" అన్నాను. "కంపెనీదే కదండీ" అన్నారాయన. "కంపెనీ ధర్మసత్రమా?" అన్నాను. అధ్యక్షులవారు నవ్వి, మేడమ్ గారు టీ విరామంలో మాట్లాడతారన్నారు. మైకు వెళ్లిపోయింది. ఇరవైనాలుగేళ్లుగా ఆడపిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను, ఒక్కరూ నా చేతిలోంచి సుద్దముక్క లాక్కోలేదు. టీ విరామంలో నేను మాట్లాడలేదు. గేటు దాటి సముద్రం వైపు దిగాను.

జాలరిపేట

ఆటో అతను నలభై అడిగాడు. ఇరవై అన్నాను. ముప్పైకి కుదిరింది. మా ఊళ్లో ముప్పై ఇస్తే బస్టాండుదాకా తీసుకెళ్లి, పెట్టె దించి, వాళ్ల బామ్మర్ది సంగతులు కూడా చెబుతారు. ఇక్కడతను రోడ్డు మీద దింపేసి చిల్లర లేదన్నాడు. ఆ కోపంలో బీచిలో బొరుగులు కొనుక్కున్నాను. వీళ్లు మరమరాలంటారు. అందులో పచ్చిమామిడి, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పొట్లం కట్టిచ్చారు. అది తింటూ నడిచేసరికి కోపం పోయింది, జాలరిపేట వచ్చింది.

నాటుపడవలు ఇసుకలో పక్కకు ఒరిగి ఉన్నాయి. వాటి నీడలో మగవాళ్లు వలలు బాగుచేస్తున్నారు. ఇళ్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. వాటి మధ్య ఒకే ఒక మేడ. దాని పైభాగమంతా ఎండలో తళతళమంటోంది. కొత్త రేకులు పరిచారేమో అనుకున్నాను. మెట్లు బయటికే ఉన్నాయి కాబట్టి ఎక్కేశాను. రేకులు కావు, నెత్తళ్లు. చిటికెన వేలంత చేపలు, వేలకు వేలు.

"కాలు సూసుకో పంతులమ్మా, తొక్కేత్తన్నావు."

చేపల మధ్య గొంతుక్కూర్చున్న మనిషికి అరవై దాటి ఉంటాయి. ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో ఈనెల చీపురు. నేను పంతులమ్మనని ఎలా తెలిసిందని అడిగాను.

"అడక్కుండా పైకెక్కేసి, ఇదేటి అదేటి అని అడిగేది పంతులమ్మన్నా అవ్వాల, పోలీసన్నా అవ్వాల. నీకు టోపీ నేదు."

ఆమె నూకాలమ్మ. మేడ ఆమెదే. రొయ్య బాగా పడిన రోజుల్లో మొగుడు స్లాబు వేయించి పోయాడు. ఒడ్డు మీద ఎండేసిన నెత్తళ్లకు ఇసుక అంటుతుంది, పంటికింద కరకరమంటుంది, ధర పలకదు. మేడ మీద ఎండినవాటికి ఇసుక ఉండదు, సంతలో అడిగినంత ఇస్తారు. అందుకే ఆ వీధిలో ఆరుగురు ఆడవాళ్లు, నూకాలమ్మతో కలిపి, ఆ స్లాబును ఇటుక ముక్కలతో గీతలు గీసి పంచుకున్నారు. అద్దె లేదు. పొద్దున్నే ఎవరి చోటు వాళ్లు ఊడ్చుకోవాలి, అంతే.

"ఇంక నాలుగు రోజులే ఈ వయిబోగం," అంది పక్క గడిలో చేపలు తిప్పుతున్న పైడమ్మ. బొంగురు గొంతు, నాకన్నా పెద్ద నోరు. "దీని మేడ మీద టవరు ఏత్తారంట. నెలకి ఎనిమిది వేలు. మమ్మల్ని ఒడ్డు మీదికి తోలేత్తాది."

"తోలేత్తానని నాను సెప్పినానా? కాయితం తెత్తామన్నారు. నాను సూత్తానన్నాను."

ఇలాంటి చోట నోరు మూసుకునే అలవాటు నాకు లేదు. ఆరుగురి బతుకుతెరువు ఇది, పొరపాటున కూడా సంతకం పెట్టొద్దని, అక్కడే నిలబడి పావుగంట చెప్పాను. పైడమ్మ నాకు కూర్చోవడానికి తట్ట బోర్లించింది.

సగం బొమ్మ

అప్పుడే నూకాలమ్మ కోడలు గౌరి పైకొచ్చింది. పదో తరగతి దాకా చదివింది. చేతిలో బొత్తాల ఫోను. మమ్మల్నెవరినీ చూడకుండా ఈశాన్యం మూలకు వెళ్లి, పిట్టగోడకు చేరగిలబడి, ఫోనును దీపంలా పైకెత్తి పట్టుకుంది. ఆ వీధి మొత్తానికి సిగ్నలు సరిగా అందేది ఆ మూలేనట.

మర్నాడు వేకువన మొగుడు బోటు మీద వేటకు వెళ్తున్నాడు. వాతావరణ శాఖ వాళ్లు పెట్టే మేఘాల బొమ్మ ఫోనులో వస్తుందని ఎవరో నేర్పారు. ఒక్కరోజు నెట్టుకు ఐదు రూపాయల ప్యాకు, అదీ కొలత పెట్టి ఇచ్చేదే. బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగుతోంది. ఒరిస్సా ఒడ్డు వచ్చింది. కళింగపట్నం వచ్చింది. భీమిలి దగ్గర ఆగింది.

"ఇలాగే ఆగిపోద్ది మేడమ్ గారూ. సిగ్నలు తెగిపోతే మళ్లీ మొదట్నుంచీ. మళ్లీ డబ్బులు తినేత్తాది."

"ఇలా ఇవ్వు, పెద్దది చేసి చూద్దాం," అని తీసుకుని నడిమి బొత్తం నొక్కాను. ఎవరడిగారు నన్ను? బొమ్మ మాయమైంది. మళ్లీ ఒరిస్సా నుంచి మొదలై రెండు గీతలు దిగి, ప్యాకు అయిపోయిందని కబురొచ్చింది.

"అయిపోనాది," అంది గౌరి. తిట్టి ఉంటే బాగుండేది. ఫోను కొంగుతో తుడుచుకుని కిందికి దిగిపోయింది. బంగాళాఖాతం కింది సగంలో మబ్బుందో లేదో ఆ రోజు ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

"ఆ గుంటకి టవరు గావాల," అంది నూకాలమ్మ కోడలు దిగిన మెట్లకేసి చూస్తూ. "నువ్వు ఒద్దన్నావు గదా, ఇప్పుడు దానికి సెప్పు."

హార్బరు

చెప్పడానికి కాదుగానీ, మర్నాడు తెల్లవారకముందే వాళ్లతో ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. మా వైపు ఆ వేళకు లేచేది పాలవాళ్లే. ఇక్కడ అప్పటికే సగం రోజు అయిపోయింది. ఐసు దిమ్మలు మిషన్లో కరకరా నలుగుతున్నాయి. వేలంపాటలో ఆడవాళ్ల గొంతులే ఎక్కువ. నూకాలమ్మ నెత్తళ్ల కుప్ప ముందు నిలబడి, ఒక్క చేపను గిల్లి, వాసన చూసి, "నిన్నటియి," అని నడిచేసింది. వేలం వేసేవాడు వెనకాలే వచ్చి ధర తగ్గించాడు. మా కాలేజీలో ధర నిర్ణయం మీద నేను చెప్పే పాఠం ఆరు వారాలు పడుతుంది.

గౌరి మొగుడు అప్పలరాజు బోటులోకి నీళ్ల డబ్బాలు ఎక్కిస్తున్నాడు. ఐదు రోజుల వేట. ఫోను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మెడలో వేసుకున్నాడు.

"సముద్రంలో పనికొస్తుందా?" అని అడిగాను.

"కొండ అవుపడినంతసేపే ఫోనండి. తరవాత అది టార్చిలైటు."

నవ్వాను. గౌరి నవ్వలేదు. బోటు కదిలాక, ఐసుపెట్టె మీద కూర్చుని, తనే చెప్పింది. డిసెంబరులో ఈ బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. రెండు రోజులు కబురు లేదు. ఎన్నిసార్లు నొక్కినా, మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరని ఒకమ్మాయి చెప్పేది. "ఎంత సక్కగా సెప్తాదో. ఆయనెక్కడున్నాడో దానికి తెలిసే సెప్పట్లేదు అనిపించేది మేడమ్ గారూ. ఫోను ఇసిరికొట్టబోతే అత్త పట్టుకుంది." మూడో రోజు బోటు గాలికి కొట్టుకొస్తూ ఒడ్డుకు దగ్గరయ్యాక సిగ్నలు తగిలింది. ఒడ్డున టవరుంటే ఇంకొంత ముందే తగిలేది. ఎంత ముందు? ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. ఒక పూట ముందైనా పూటే కదా.

పాతపట్నం

నేను చెడగొట్టిన ఐదు రూపాయల కోసం ఇద్దరం హార్బరుకు దగ్గర్లోనే ఉన్న పాతపట్నం వెళ్లాం. పేటలో కొట్టువాడు ఐదు ప్యాకును ఆరుకి అమ్ముతాడట. పాతపట్నంలో జానీభాయ్ ఐదుకే ఇస్తాడు. ఆయన కొట్టు ఇద్దరు నిలబడితే మూడోవాడు పట్టనంత. తండ్రి అక్కడే గడియారాలు బాగుచేసేవాడట. ఇప్పుడు అదే బల్ల మీద, అదే భూతద్దం పెట్టుకుని, ఈయన ఫోన్లు విప్పుతాడు. మాకు టీ చెప్పించాడు. అందులో మూడొంతులు పాలు, ఒక వంతు టీ, మిగతాదంతా చక్కెర.

"ఐదు ప్యాకు అమ్మితే నాకు మిగిలేది చారానా మేడమ్," అన్నాడు. "అది కాదు బాధ. జాలరిపేటవాళ్లకి ప్యాకు అమ్మడమంటే నుయ్యి లేని వీధిలో బకెట్లు అమ్మినట్టు. కొంటారు, మళ్లీ నన్నే తిడతారు. మొన్న ఒకామె చీపురు పట్టుకొచ్చింది."

"అది మా అత్తే," అంది గౌరి.

"మాలూమ్. అందుకే మీకు టీ."

ఆ సాయంత్రం మేడ మీద ఆ తట్ట మీదే కూర్చుని, సంతకం పెట్టెయ్యమని పావుగంట చెప్పాను. పైడమ్మ నా కింది తట్ట లాగేసుకుంది. నూకాలమ్మ చీపురు దించింది. "నిన్న ఒకటి సెప్పినావు, ఇయ్యాల ఒకటి సెప్తన్నావు. మీ కాలేజీలో గుంటలు ఎలాగ పాసవుతన్నారు?"

సింహాచలం

మూడో రోజు ఆమె అప్పన్న దగ్గరికి బయలుదేరింది. నన్నూ రమ్మంది. "నువ్వు కూడా వత్తే దేవుడు బేగి తేల్చేత్తాడు, నీ గోల పడలేక."

ఈ ఊళ్లో సగంమంది అప్పన్నలు, అప్పలమ్మలు, అప్పలరాజులు. స్వామి ఏడాది పొడుగునా గంధం పూతలోనే ఉంటాడు. అసలు రూపం చూపించేది ఏడాదికి ఒక్కరోజు. మా పెన్నహోబిలం నరసింహస్వామి ఎప్పుడైనా కనబడతాడని నేను గొప్పలు పోయాను. "మీకు పనేటుంది, ఎప్పుడైనా సూత్తారు," అంది.

ధర్మదర్శనం వరుస కొండచిలువలా ఉంది. టికెట్టు కొన్నవాళ్లు పక్కనుంచి జారిపోతున్నారు. ఎక్కువ ఇచ్చినవాళ్లకు వేగం ఎక్కువ. అది చూసి నేను మళ్లీ ఇంటర్నెట్టు ధరల మీద పడ్డాను. వరుసలో ముందున్న ముసలాయన గోవిందనామం ఎత్తుకుని నన్ను ఆపారు.

కప్పస్తంభాన్ని కౌగిలించుకుని కోరుకుంటే జరుగుతుందంటారు. నూకాలమ్మ కౌగిలించుకుంది గానీ పెదవులు కదల్లేదు. ఏం అడిగావంటే, "అడగనేదు. సల్లగుంది, అలాగుండిపోనాను," అంది. ప్రసాదం పులిహోర తింటూ తనే మాట ఎత్తింది.

"బోటు ఎవరిది పంతులమ్మా?"

"ఓనరుది."

"ఎల్లేది?"

"కలాసీలు."

"సేపలు వొచ్చినాక బోటుకో వాటా, వలకో వాటా, మడిసికో వాటా. బోటు నాదని మొత్తం ఎవుడూ ఎత్తికెల్లడు. ఎత్తికెల్తే మర్నాడు ఆడి బోటు ఎవుడూ ఎక్కడు." చేయి ఆకుకు తుడుచుకుంది. "మేడ నాదే. ఆరుగురం తొక్కితేనే అది బోటయినాది."

ఇరవైనాలుగేళ్లుగా నేను చెప్పే పాఠంలో ఈ ముక్క లేదు. మంచినీళ్లు తాగాను.

మేడ మీద

నాలుగో రోజు పొద్దున కంపెనీ మనిషి వచ్చాడు. మెడలో టై, చేతిలో కొలత టేపు. నెత్తళ్ల మధ్య ఎక్కడ అడుగెయ్యాలో తెలియక ఒంటికాలి మీద నిలబడ్డాడు. మర్యాదస్తుడు, పాపం. చెప్పులు కింద విప్పి వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ నాలుగు కాళ్లు వస్తాయి. కింద జనరేటరు. స్లాబు మొత్తం మాకు వదలాలి. ఇక్కడ వేలిముద్ర."

"సంతకం," అంది నూకాలమ్మ. "నేర్సుకున్నాను. ముందు వాటాలు రాయి. ఎనిమిది వేలు గదా. మేడకి రెండు వాటాలు, మడుసులకి ఆరు. ఆరు పేర్లు సెప్తాను రాసుకో."

అతనికి అర్థం కావడానికి నాలుగుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపాడు. "ఒక ఇల్లు, ఒక పేరు, ఒక చెక్కు అమ్మా. అది మా పద్ధతి."

"ఇది మా పద్దతి."

"ఈ వీధుల్లో టవరు మొయ్యగల స్లాబు ఇదొక్కటే. మీరు కాదంటే ఇది బీచిరోడ్డు హోటళ్ల వైపు పోతుంది. నిజానికి మావాళ్లకు అక్కడే లాభం. నేనే ఇక్కడ అడుగుదామని పట్టుబట్టాను."

గౌరి మెట్ల దగ్గర నిలబడి ఉంది. అప్పలరాజు వెళ్లి అది మూడో రోజు, కొండ దాటి రెండు రోజులు. ఆమె అత్తనే చూస్తోంది. ఒక్క ప్రశ్న వేసింది. "టవరు మా ఇంటి మీదే గదా, మాకు ప్యాకు తగ్గిత్తారా?"

"లేదమ్మా, అందరికీ ఐదే."

"కొబ్బరిచెట్టు వీళ్ల పెరట్లో, బోండం ధర బజారుదా?" అన్నాను. అతను నా వైపు తిరిగి, మీరెవరండీ అన్నాడు. చుట్టాన్నని నూకాలమ్మే చెప్పింది. అబద్ధమే, కానీ నాకు ఒళ్లు పొంగింది.

పై అధికారిని అడుగుతానని ఫోను తీశాడు. సిగ్నలు లేదు. గౌరి మూల చూపించింది. పిట్టగోడకు చేరగిలబడి, చెయ్యెత్తి, అరుచుకుంటూ మాట్లాడి వచ్చాడు. ఆరు పేర్లు కుదరవట. తనంతట తానే అడిగిన ఇంకో అయిదొందలు కూడా కుదరవట.

నూకాలమ్మ చీపురు పక్కన పెట్టింది. "సరే. నీ కాయితం మీద నా పేరొక్కటే పెట్టుకో. మా కాయితం మాకు ఏరే. పంతులమ్మ రాత్తాది." ఆ తర్వాత పైడమ్మ వైపు తిరిగింది. "నువ్వు ఒప్పితేనే."

అందరూ పైడమ్మను చూశారు. అందరికన్నా ఎక్కువ చేప ఎండేసేది ఆమే. అందరికన్నా ఎక్కువ పోయేదీ ఆమెకే. నెలకు వెయ్యి రూపాయలు ఆ నష్టానికి సమం కాదని నాకే తెలుస్తోంది. ఆమెకు తెలియదా?

"ఏట నేని రోజుల్లోన?" అంది పైడమ్మ.

"ఏటి?"

"ఎండాకాలం రెండు నెలలు బోట్లు ఎల్లవు. సేపలు నేవు. అప్పుడు వాటా ఎక్కడ్నుంచి ఒత్తాది?"

కంపెనీ మనిషి నవ్వాడు. "టవరుకి సెలవులుండవమ్మా. పన్నెండు నెలలూ వస్తుంది."

పైడమ్మ నమ్మలేదు. "తుఫానప్పుడు?"

"అప్పుడూ వస్తుంది."

వేట లేని రోజున వాటా! పైడమ్మ ముఖం చూస్తూ ఉండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక సముద్రం ఆమెకు ఇవ్వనిది అది. చాలాసేపు చేపల్ని అటూ ఇటూ తిప్పింది. ఒకదాన్ని విరిచి ఎండిందో లేదో చూసింది.

"ఒడ్డు మీద ఎండేత్తే దీనికి సగం ధర రాదు. అది తెలిసే ఒప్పుతన్నాను. రాయి పంతులమ్మా. నా పేరు ముందు రాయి."

సెమినారు ఫైలులోంచి ఖాళీ కాగితం తీసి, నెత్తళ్ల మధ్య బాసింపట్టు వేసుకుని రాశాను. మేడకు రెండు, మనుషులకు ఆరు. నాలుగు వేలిముద్రలు, రెండు సంతకాలు. సాక్షిగా నాది. నా జీవితంలో ఎవరూ మధ్యలో ఆపకుండా పూర్తి చేసిన పత్రం అదొక్కటే.

ఆ మధ్యాహ్నం అన్నంలోకి చేపల పులుసు పెట్టారు. మా కారం ముందు వీళ్ల కారం పిల్లకారం అందామనుకున్నాను. రెండోసారి అడిగి వేయించుకున్నాక ఆ మాట బాగుండదని మానేశాను. సాయంత్రం రైలెక్కాను.

అనంతపురం

జూలైలో గౌరి దగ్గర్నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. నేనే చేశాను. టవరు లేచిందట. వేట మళ్లీ మొదలైందట. ఆ వేకువన కొండ కనబడని చోటునుంచి అప్పలరాజు మొదటిసారి ఫోను చేశాడట.

"ఏమన్నాడు?" అన్నాను.

"కూరేటి వొండినావని అడిగినాడు మేడమ్ గారూ."

"నువ్వేమన్నావు?"

"ఇంకా వొండనేదు, ఏటి గావాల అన్నాను. ఒచ్చేసరికి రెండు రోజులు పడతాదంట. అయినా సెప్పినాడు. వొంకాయ."

ఆమె నవ్వుతూనే ఉంది. ఇంతలో ఫోను నూకాలమ్మ చేతిలోకి వెళ్లింది. వాటాలు అందుతున్నాయా అంటే అందుతున్నాయంది. పైడమ్మ ఎలా ఉందంటే, ఒడ్డు మీద ఎండేసుకుంటోంది, సంతనుంచి వచ్చిన ప్రతిసారీ తిడుతోంది, వాటా రోజున మాత్రం అందరికన్నా ముందు వస్తోంది అంది. మరి నువ్వో, అన్నాను.

 

"నాకేటి. తెల్లారగట్ల లేత్తన్నాను, సీపురట్టుకుని మెట్లెక్కుతన్నాను. కాళ్లకి ఎవురు సెప్తారు పంతులమ్మా? పైకెల్లి, ఆ ఇనపకాళ్ల మద్దిన కూసింత ఊడ్సి, దిగొచ్చేత్తన్నాను."